రాయి లేని పగడం

గీటురాయి మంచినీళ్ళ గ్లాసు అందుకున్నా ముందు వెలుతురుకేసి ఎత్తి చూస్తాడు. ఒక గుటక నాలిక మీద నిలిపి అప్పుడు మింగుతాడు. పాలలో వేలు ముంచి గోటి మీద బొట్టు నిలుస్తుందా జారుతుందా అని చూస్తాడు. కొత్త చొక్కా కొంటే అంచు తడిపి తెల్లగుడ్డతో రుద్దుతాడు. దారిలో ఎవరైనా నవ్వుతూ "బాగున్నారా?" అంటే, వీడికి నాతో ఏం పని పడిందో అన్నట్టు కాసేపు చూసి, "ఏం, ఎందుకు?" అంటాడు. ఆయనకి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. దానితో పిలిచేవాళ్ళే మిగల్లేదు.

నగల కొట్టులో బంగారం, రాళ్ళు తేల్చి చెప్పడం ఆయన పని. అద్దాల గది, నల్లరాయి, యాసిడ్ సీసా, కంటికి బిగించుకునే భూతద్దం, ఓ సగం కోసిన నిమ్మకాయ. నిమ్మకాయ పగడాల కోసం. అసలు పగడం సముద్రంలో పుట్టిన సున్నపు రాయి, కాబట్టి నిమ్మరసం చుక్క పడితే సన్నగా పొంగుతుంది. గాజైతే, ప్లాస్టిక్కైతే ఉలుకూ పలుకూ ఉండదు. బల్ల అవతల మనుషులు ఊపిరి బిగపట్టి నిలబడేవాళ్ళు. ఈయన తలెత్తకుండా "అసలు" అనో "నకిలీ" అనో అనేవాడు. మూడో మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఆ రెండు మాటలతోనే ఉద్యోగమంతా లాక్కొచ్చాడు.

తర్వాత కొట్టులోకి మిషనొచ్చింది. నగ లోపల పెట్టి మూత వేస్తే తెర మీద అంకె పడుతుంది. యజమాని గీటురాయికి గుమ్మం పక్కన కుర్చీ వేయించాడు. కొన్నాళ్ళకి, రోజూ రానక్కర్లేదన్నాడు. ఇంకొన్నాళ్ళకి, అసలు రానక్కర్లేదన్నాడు. గొంతులో మొహమాటం ఉంది గానీ మాటలో లేదు. అలా రాయి ఇంటికొచ్చింది. రుద్దడానికి ఇంట్లో బంగారమేదీ? కనబడ్డ మనిషినల్లా రుద్దడం మొదలుపెట్టింది.

ముందు గదిలో భార్య కుట్టుమిషను. చుట్టుపక్కల వాళ్ళ జాకెట్లూ చొక్కాలూ కుడుతుంది. నెమ్మదైన మనిషే, ఒక్క కత్తెర దగ్గర తప్ప. పొడుగాటి ఇనప కత్తెర అది, గుడ్డకి తప్ప దేనికీ వాడకూడదు. కాగితం కోస్తే మొద్దుబారుతుందని తాళ్ళకీ కాగితాలకీ వేరే కత్తెర పెట్టింది. "నా మెడలో గొలుసు తీసుకెళ్ళి రుద్దుకోండి, నేనేమీ అనను. కత్తెర జోలికొస్తే మాత్రం ఊరుకోను" అనేది.

ఆమెకి పుట్టింటి తరఫున ఉన్నది ఒక్క తమ్ముడు. ఆ ఒక్కడూ ఆ ఇంటి గుమ్మం తొక్కి చాలా ఏళ్ళయింది. కారణం ఓ ఉంగరం.

అప్పట్లో అతను చేపల లోడు మోసే చల్లని వ్యాను నడిపేవాడు. ఓసారి సముద్రపు వైపు నుంచి వస్తూ అక్క కోసం పగడపు ఉంగరం తెచ్చాడు. బంధువులంతా భోజనాల దగ్గర కూర్చుని ఉన్నారు. ఉంగరం చేతులు మారుతూ మారుతూ గీటురాయి చేతికొచ్చింది. ఆయన దాన్ని చూళ్ళేదు, విస్తట్లో నిమ్మచెక్క తీసి పిండాడు. పొంగలేదు. "నకిలీ" అన్నాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. బల్ల అవతల జనం ఊపిరి బిగపట్టి చూస్తుంటే ఆయనకి ఆగడం చేతకాదు. "రాయే కాదు, తెచ్చినవాడూ అంతే. అక్కకి గాజుముక్క అంటగట్టే దొంగ" అన్నాడు.

బావమరిది సగం అన్నం మీద చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయాడు. అతను మోసం చేశాడా, ఎవరి చేతిలోనైనా మోసపోయాడా అని అడిగినవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. అందరూ అన్నం మీదికి వంగిపోయారు. బంధువులంటే అంతే.

ఆ తమ్ముడే ఇప్పుడు వీధి మలుపులో అక్వేరియం కొట్టు పెట్టాడు. అక్క అక్కడికి వెళ్ళి వస్తోందని గీటురాయి పట్టేశాడు. బట్టల సంచీ ఉప్పు వాసన వేసింది.

తర్వాత తొట్టే ఇంటికొచ్చింది. రెండు చేతుల్లో పట్టేంత చిన్న గాజు తొట్టి. అందులో ఇసుక, గుల్లగుల్లగా ఉన్న కొన్ని రాళ్ళు, ఉప్పునీళ్ళు, పైన నీలం దీపం. వారాలు గడిచినా అంతే, లోపల పురుగు కూడా లేదు.

"మీ తమ్ముడు నీళ్ళు అమ్ముతున్నాడే" అన్నాడు గీటురాయి.

"నీళ్ళు కుదురుకోవాలిటండీ. ఆ రాళ్ళల్లో కంటికి కనపడని క్రిములు పెరిగి మురికి తినడం మొదలెట్టాకే దేన్నైనా వెయ్యాలిట."

"కంటికి కనపడనిదా? భేషైన సరుకు. నా బల్ల మీద పెడితే నేనూ తేల్చి చెప్పేవాణ్ణి."

రోజూ పొద్దున తొట్టిలో నీళ్ళు కాస్త తగ్గేవి. ఆవిడ మంచినీళ్ళు పోసి నింపేది. అందులోనూ ఆయనకి మోసం కనిపించింది. "సముద్రం సముద్రం అని, మంచినీళ్ళు పోస్తావేం?"

"ఆవిరయ్యేది నీళ్ళేగా, ఉప్పు కాదుగా! మళ్ళీ ఉప్పునీళ్ళు పోస్తే లోపల ఊరగాయ అవుతుంది."

ఆ సమాధానం సరిగ్గా ఉంది. సరిగ్గా ఉన్న సమాధానమంటే ఆయనకి మరీ అనుమానం.

నీళ్ళు కుదురుకున్నాయని తేలాక, ఓ సాయంత్రం భార్య మిషను ఆపి అంది. "పగడాలు ఎంచుకోవాలి. మీరూ రండి. పగడాలు చూసిన కళ్ళు కదా మీవి."

"మళ్ళీ పగడమేనా వాడు అమ్మేది?"

"ఇవి ప్రాణమున్నవి." ఆవిడ సూదిలోంచి దారం లాగి, చుట్ట చుట్టి పక్కన పెట్టింది. "ఒక్క మాట చెప్తున్నా, వినండి. నాకు వాడొక్కడే. ఈసారి మీ నోట్లోంచి వాడి మీద ఇంకో మాట వచ్చిందో, ఈ మిషనెత్తుకుని నేను వాడింటికే పోతాను. బెదిరింపనుకునేరు. బండి కూడా మాట్లాడి పెట్టుకున్నా."

గీటురాయి ఆమె మొహం వెలుతురులో చూశాడు. అసలు.

కొట్టంతా నీలంగా, చెమ్మగా ఉంది. మోటార్లు గొణుగుతున్నాయి. బావమరిది జుట్టు పల్చబడింది, మోచేతుల దాకా తడి. బావని చూసి నిలబడిపోయాడు. చేతులు తుడుచుకున్నవే మళ్ళీ తుడుచుకున్నాడు.

"రా బావా."

"వచ్చాంగా."

అంతే. ఆ తర్వాత ఇద్దరూ గాజు తొట్ల వైపు చూస్తూనే మాట్లాడుకున్నారు.

కొట్టు మధ్యలో పెద్ద తొట్టి ఉంది. కొమ్మలు కొమ్మలుగా, చివర్లు ఊదారంగులో మెరుస్తూ గట్టి పగడాలు. గీటురాయి జేబులోంచి భూతద్దం తీసి గాజుకి ఆనించాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయనకి దేని మీదా అనుమానం రాలేదు. రాయి! కళ్ళెదుట పెరుగుతున్న రాయి!

"ఇది ఇవ్వు" అన్నాడు.

"అది వద్దు బావా."

"ఏం?"

"అది పెద్దింటి పెళ్ళికూతురు. వెలుతురు గట్టిగా ఉండాలి, నీళ్ళు ఎప్పుడూ కదులుతుండాలి, వాటిలో సున్నం ఓ రవ్వ తగ్గకూడదు. చిన్న తొట్టిలో ఏదైనా ఇట్టే తారుమారవుతుంది. ఓ పూట ఎండ తగిలినా నీళ్ళు వేడెక్కుతాయి. ఇది తెల్లారేసరికి తెల్లబడి కూర్చుంటుంది. మొదటిసారి పెంచేవాళ్ళకి రాయి లేని పగడాలే మంచివి."

గీటురాయి భూతద్దం దించాడు. "రాయి లేని పగడమా?"

"మెత్తటివి. అస్థిపంజరం కట్టుకోవు. మన తప్పుల్ని ఓర్చుకుంటాయి."

అమ్మేవాడు మంచి సరుకు వద్దంటున్నాడు. ఉద్యోగమంతా గీటురాయి అలాంటి అమ్మేవాణ్ణి చూళ్ళేదు. అంటే ఇది ఎవరికో దాచి ఉంచాడు. మనకి తుక్కు తగలేస్తాడు. నాలిక చివరిదాకా వచ్చింది. భార్య వేళ్ళు సంచీ పట్టీ మీద బిగుసుకోవడం కనిపించి మింగేశాడు.

బావమరిది ఒక్కొక్కటే చూపించాడు. రాయి మీద అతుక్కున్న చిన్న చిన్న పుట్టగొడుగుల్లాంటివి కొన్ని. తక్కువ వెలుతురులో మూలన పడేసినా బతుకుతాయట. పచ్చగడ్డిలా ఊగేది ఇంకోటి.

"దీన్ని మాత్రం పెద్దరాయికి ఆనించకక్కా. విడిగా ఓ రాయి మీద ఉంచు. చుట్టంలా వచ్చి ఇల్లంతా తనదే అంటుంది."

రంగు రంగుల బొత్తాలు కుట్టినట్టున్న రాయి దగ్గర ఆవిడ చెయ్యి చాపబోయింది. అతను గభాల్న ఆపాడు. "ఒట్టి చేత్తో ముట్టుకోకు, విషం ఉంటుంది."

"విషమా! తోడబుట్టిన దానికి విషం అమ్ముతావా?" అన్నాడు గీటురాయి.

"అమ్మట్లేదు బావా. అందుకే చెప్తున్నా. తొడుగు వేసుకోకుండా వీటిని ముట్టకూడదు. ఇవి ఇప్పుడొద్దు."

చివరికి పుట్టగొడుగులు, ఓ తోలు గొడుగు తీసుకున్నారు. తోలు గొడుగంటే, బొడిపెలాంటి కాడ మీద గొడుగులా విచ్చుకున్న మెత్తని పగడం. గొడుగు నిండా సన్నటి వేళ్ళు నీళ్ళలో ఊగుతుంటాయి. సంచీలో పెట్టిస్తూ తమ్ముడు అక్కతో అన్నాడు. "ఇది అప్పుడప్పుడూ అలుగుతుంది. ముడుచుకుపోతుంది. కంగారుపడకు, దాని మానాన దాన్ని వదిలెయ్."

గీటురాయి అప్పటికి గుమ్మం దిగాడు, చెవి మాత్రం వెనకే ఉంది.

కొన్నాళ్ళు తోలు గొడుగు బాగానే ఊగింది. భార్య మిషను తొక్కుతూ మధ్యలో దాన్ని చూసేది. ఎవరూ చూడనప్పుడు గీటురాయీ చూసేవాడు. ఓ రోజు అది వేళ్ళన్నీ లోపలికి లాక్కుంది. మర్నాడు గొడుగు వాలింది. ఆ తర్వాత దాని మీద మైనం పూసినట్టు ఓ మందపాటి, మురికి పొర కమ్ముకుంది.

"చచ్చింది" అన్నాడు గీటురాయి.

"అలిగింది. తమ్ముడు చెప్పాడుగా."

"అదే నేనూ అంటున్నా. ముందే చెప్పాడంటే ముందే తెలుసన్నమాట!"

ఆవిడ మిషను పెడలు కాస్త గట్టిగా తొక్కింది.

ఆ మాట ఆయన్ని తొలిచేసింది. లోపం ముందే చెప్పి అమ్మేవాణ్ణి మించిన గడుసువాడు ఉంటాడా? చచ్చేదాన్ని అమ్మి, చస్తే 'అలిగింది' అనుకోమంటాడా? రంగు కూడా అద్దిందే అయ్యుంటుంది. భార్య కుట్టిన బట్టలిచ్చి రావడానికి వెళ్ళిన పగటిపూట, చొక్కా చేతులు మడిచి తొట్టిలో చెయ్యి పెట్టాడు. తెల్లగుడ్డతో రుద్దాడు. గుడ్డకి రంగు అంటలేదు, జిగట పొర అంటింది. దానితో ఏమీ తేలలేదు. చుట్టూ చూశాడు. చిన్న కత్తెర కనపళ్ళేదు. పెద్దది మిషను మీద ఉంది.

గొడుగు అంచున ఓ ముక్క కోశాడు. సాసరులో పెట్టి నిమ్మకాయ పిండాడు, కంటికి భూతద్దం బిగించాడు.

పొంగిందా అంటే పొంగింది. ఒకటో రెండో బుడగలు, అవి కూడా నిమ్మరసానివేనేమో. పొంగలేదా అంటే పొంగలేదు. మళ్ళీ పిండాడు. మళ్ళీ అంతే. ఇంకో ముక్క కోసి చేతిలోకి తీసుకున్నాడు. మెత్తగా, చల్లగా, చిన్నపిల్ల చెవి తమ్మెలా ఉంది. అప్పుడే గేటు చప్పుడైంది. చేతిలో ముక్క తొట్టిలో రాళ్ళ వెనక్కి పడేసి, సాసరు కడిగేసి, కత్తెర లుంగీకి తుడిచి, యథాస్థానంలో పెట్టి, తేలు కుట్టిన దొంగలా కుర్చీలో కూర్చున్నాడు.

భార్య లోపలికొచ్చింది. తొట్టి చూసింది. కాసేపటికి కత్తెర చేతిలోకి తీసుకుంది. దాన్ని ఓసారి తెరిచి, మూసి, పెట్టేసింది. ఆ రాత్రి మామూలుగానే గడిచింది.

మర్నాడు పెరట్లోకి వెళ్ళి ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడింది. గీటురాయి కిటికీ దగ్గర చెవి పెట్టాడు. "ఓసారి రారా... అవును, ఇంటికే... నేను చెప్తున్నాగా" అన్న ముక్కలు వినపడ్డాయి. ఇద్దరూ కలిసి ఏదో అల్లుతున్నారు. ఆవిడ గదిలోకొచ్చి మిషను మీద గుడ్డ కప్పడం చూశాడు. రోజూ కప్పేదే. ఇవాళ మాత్రం కదలడానికి కట్టిన మూటలా కనబడింది.

బావమరిది వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కోవాలా వద్దా అన్నట్టు ఓ క్షణం చూసి, లోపలికి అడుగుపెట్టాడు. తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"కుబుసం విడుస్తోందక్కా. పాములాగే. మీద పేరుకున్న మురికిని పొరతో సహా వదిలేస్తుంది. చూడ్డానికి చచ్చినట్టే ఉంటుంది, నేనూ మొదట్లో ఒకటి పారేశాను." అంటూనే ఆగిపోయాడు. గొడుగు అంచున చూపు నిలిచింది. తిన్నగా, నున్నగా తెగిన గాట్లు రెండు. తల తిప్పి బావ వైపు చూశాడు. గీటురాయి గోడ వైపు చూశాడు.

"ఇదేంట్రా, అంచు తెగినట్టుంది?" అంది అక్క.

"పీత కొరికి ఉంటుందక్కా" అన్నాడు అతను. "రాళ్ళల్లో దాక్కుని వస్తాయి. మామూలే."

జీవితమంతా అబద్ధాల గొంతులు విన్న మనిషి గీటురాయి. అబద్ధం బల్ల మీద పడగానే చప్పుడుతోనే గుర్తుపడతాడు. ఇది పచ్చి నకిలీ. అయితే ఇది ఎవరి కోసం? తన కోసం. ఎందుకు? దీనికి బదులు వీడేం అడుగుతాడు? ఎంత తడిమినా మెలిక దొరకలేదు. దొరక్కపోయేసరికి మళ్ళీ మొదటి నుంచి తడిమాడు.

భార్య పెద్ద కత్తెర తెచ్చి వాళ్ళిద్దరి మధ్యా నేల మీద పెట్టింది. రెక్కల పొడుగునా గోధుమరంగు తుప్పు, ఉప్పు ఎండిన తెల్లటి చారలు.

"ఒరేయ్, పీతలు నా కత్తెర వాడతాయేంట్రా?"

తమ్ముడికి నవ్వొచ్చింది. అక్క మొహం చూసి మింగేశాడు.

ఆవిడ కుట్టు డబ్బా తెరిచి, బొత్తాల కింద నుంచి ఓ ఉంగరం తీసింది. అదే ఉంగరం. "ఇది నకిలీ. ఆ రోజే ఒప్పుకున్నా. వీడు కష్టార్జితం పోసి కొని ఎవరి దగ్గరో మోసపోయాడని కూడా నాకు ఆ రోజే తెలుసు. మీరు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు అడుగుతున్నా. మీకు రెండు మాటలే వచ్చుగా. చెప్పండి. వీడు అసలా, నకిలీయా?"

"ఎందుకులే అక్కా..."

"నువ్వు నోర్మూసుకో."

గీటురాయి రెండు మాటలూ తూచి చూశాడు. 'నకిలీ' అంటే మిషను వెళ్ళిపోతుంది. 'అసలు' అంటే, అది మిషను పోతుందన్న భయంతో అన్న మాట. కుట్టేదానికి అతుకు తెలీదా? ఇట్టే పట్టేస్తుంది. ఆయన ఉంగరం వైపు చూశాడు, కత్తెర వైపు చూశాడు.

"నాకు తెలీదే" అన్నాడు చివరికి. "రాయి సంగతి తెలుసు. వీడి సంగతి అప్పుడూ తెలీదు. తెలీకుండానే అనేశాను."

తొట్టి మోటారు గొణుగుతోంది.

"ఆ కత్తెర సానపట్టించుకు రండి" అంది ఆవిడ. "తుప్పు చారొక్కటి కనబడిందా, మిషను సంగతి మళ్ళీ ఆలోచిస్తా." తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు అన్నం తిని వెళ్ళు. ఆ రోజు సగంలో లేచావు. మిగతా సగం ఇవాళ తిను." వంటింట్లోకి వెళ్తూ వెనక్కి తిరక్కుండానే అంది. "నిమ్మకాయ మాత్రం ఎవరూ అడక్కండి."

బావమరిది ఓ గొట్టంతో నీళ్ళు పీల్చి, గొడుగు మీదికి మెల్లగా ఊదాడు. పొర అంచు లేచి, చినిగి, తొట్టిలో తేలిపోయింది. కింద కొత్త తోలు లేతగా, శుభ్రంగా ఉంది. రాళ్ళ వెనక పడ్డ ముక్క కూడా అతని కంటబడింది. దాన్ని తీసి చిన్న రాతి మీద పెట్టి, అక్క దారపు ఉండలోంచి మూరెడు దారం తెంపి వదులుగా కట్టాడు.

"కోసిన ముక్క బతుకుతుందా?" అన్నాడు గీటురాయి.

"బతకొచ్చు బావా. కొట్టులో నేను కోసి పెంచేవి ఇలాంటివే. అయితే నేను కాస్త మంచి కత్తెరతో కోస్తాను." దారం ముడి చూసుకుంటూ అన్నాడు. "ఇది మాత్రం నిజంగా నాకూ తెలీదు."

ఆ ముక్క బతికింది. ఇప్పుడది తొట్టిలో ఓ మూల, గుండీ అంత గొడుగు.

గీటురాయి సాయంత్రాలు అక్వేరియం కొట్టులో కూర్చుంటున్నాడు. జీతం లేదు, కుర్చీ ఉంది. కొత్తగా తొట్టి కొన్నవాళ్ళు వచ్చి, మధ్యలో మెరిసే కొమ్మల పగడం చూపించి ఇమ్మంటే, భూతద్దం దించి "అది వద్దు" అంటాడు. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. మొన్న ఒకావిడ బయటికెళ్తూ మొగుడితో అంది, "ఆ ముసలాయన మంచి సరుకు ఎవరికో దాస్తున్నాడండీ. కళ్ళు చూశారా?" ఆ మాట విని బావమరిది పగలబడి నవ్వాడు. గీటురాయి నవ్వలేదు. ఆవిడ అనుమానంలో న్యాయం ఉందనుకున్నాడు.

కొత్త సరుకు వచ్చిన రోజున, బావమరిది వెనక గదిలోకి వెళ్ళేదాకా ఆగి, తొడుగు వేసుకుని, ఒక్కో పగడాన్నీ తెల్లగుడ్డతో అద్ది చూస్తాడు, రంగు అంటుతుందేమోనని. అతను వెనక గదిలో ఉత్తినే కాస్త ఎక్కువసేపు ఉంటాడు.